కిలో బరువు బూటులో ముందుగా ఓడేది ఏది?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. స్కీలతోనే కొండ ఎక్కి, వాటి మీదే జారుతూ దిగే స్కీ టూరింగ్ కోసం, ఒక్కొక్కటి కిలోకు కాస్త అటూఇటూగా తూగే బూట్ల జత మీరు కొన్నారు. పాదం మీది భాగాన్ని బోవా డయల్, అంటే తిప్పితే సన్నని తీగను చుట్టుకునే గుండ్రని మీట, బిగిస్తుంది, పైన కాలిపిక్కను చుట్టి ఉండే కఫ్‌ను ఒకే ఒక్క బకిల్ పట్టి ఉంచుతుంది. ఏడాదికి 35 రోజుల దాకా వాడతారు. ఆ సన్నని తీగ ఎన్నాళ్లు ఆగుతుంది, పలుచని షెల్ (బయటి గట్టి ప్లాస్టిక్ తొడుగు) ఎన్ని సీజన్లు మన్నుతుంది, అసలు నాలుగు బకిళ్ల బరువైన బూటే తీసుకుని ఉండవలసిందా అని మీ సందేహం. ఈ తరహా బూట్లతో చాలా శీతాకాలాలు తిరిగి, నావీ స్నేహితులవీ విరిగిన బూట్లను బల్ల మీద పెట్టుకుని విప్పి బిగించిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

అందరూ తీగ తెగుతుందనీ షెల్ పగులుతుందనీ భయపడతారు. తీగ తెగినా మీరు దాదాపు మామూలుగానే కిందికి దిగి రాగలరు. కఫ్‌ను పట్టి ఉంచే ఆ ఒక్క బకిల్ విరిగినా, దాని పిడిని పట్టుకున్న స్క్రూ ఊడిపోయినా మాత్రం దిగడం నరకమవుతుంది. కాబట్టి మీ ఆందోళనను నాలుగు వేళ్ల ఎత్తు పైకి జరపమని నా సలహా. ఎందుకో వివరంగా చెప్తాను.

షెల్ సంగతి త్వరగా ముగిస్తాను. పిస్టుల మీద, అంటే చదును చేసిన మంచు వాలుల మీద, వాడే బరువైన బూట్లను ఎక్కువగా పాలీయురెథేన్‌తో పోస్తారు. తేలిక టూరింగ్ బూట్లకు పెబాక్స్, గ్రిలమిడ్ వంటి పాలీఅమైడ్ జాతి ప్లాస్టిక్‌లను వాడతారు. ఇవి బరువు తక్కువ, చలిలో మరీ పెళుసెక్కవు. పాలీయురెథేన్‌కు తేమ తగిలి అణువుల స్థాయిలో విడిపోయే జబ్బుంది. ఏళ్ల తరబడి అటకెక్కించిన పాత బూట్లు కొన్ని తీసి తొడిగిన రోజునే ముక్కలవడానికి కారణం అదే. పాలీఅమైడ్ షెల్‌కు ఆ బెడద అంతగా లేదు గనుక, మీ బూటు ఆయుష్షును అది తిరిగిన దూరంతో లెక్కపెట్టాలి తప్ప కొన్న తేదీతో కాదు. కార్బన్ కఫ్ ఉంటే ఒక తేడా గమనించండి. ప్లాస్టిక్ దెబ్బ తింటే గీత పడి, సొట్టపోయి ఊరుకుంటుంది. కార్బన్ సొట్టపోదు, పగులుతుంది, అదీ తరచుగా స్క్రూ రంధ్రం అంచు నుంచే మొదలవుతుంది. గట్టి కార్బన్ అంచు కిందనున్న మెత్తని షెల్‌ను రాసి రాసి గాడి చేయడం కూడా మామూలే. ఆ గాడి చూసి కంగారు పడనక్కర్లేదు. ఏటా అదే చోట పెన్సిలుతో గీత గీసి, లోతు పెరుగుతోందో లేదో చూస్తే చాలు.

ఇక అసలు అరిగేచోటు, చీలమండ పక్కనున్న కీలు. ఒక లెక్క వేసి చూడండి. వెనక్కి జారకుండా అడుగున అంటించే స్కిన్స్ పట్టీలు తొడిగిన స్కీలతో 10, 12 డిగ్రీల వాలులో ఎక్కేటప్పుడు ఒక్కో అడుగుకు మనం సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తు గడిస్తాం. 1000 మీటర్లు ఎక్కాలంటే ఎనిమిది నుంచి పదివేల అడుగులు పడతాయి, అంటే ఒక్కో కాలికి నాలుగైదు వేలు. రోజుకు అంత ఎక్కుతూ మీలా 35 రోజులు తిరిగేవారి బూటు కీలు ఒక్క సీజన్లో లక్షన్నర సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. లిఫ్టుల మీద పైకి వెళ్లేవారి బూటు కీలు ఇంతగా ఊగదు. పైగా తేలిక బూటులో ఆ కీలును మోసేది పలుచని గోడ. రంధ్రంలో లోహపు బుష్ (స్క్రూ చుట్టూ ఉండే చిన్న గొట్టం) ఉంటే అరిగేది బుష్, అది మార్చుకోవచ్చు. బుష్ లేక స్క్రూ నేరుగా ప్లాస్టిక్‌లోనే తిరుగుతుంటే అరిగేది షెల్, దాన్ని మార్చలేం. కొనేముందు నేను మొదట చూసేది ఇదే, తూకం తర్వాతే చూస్తాను.

కీలు వదులైందో లేదో తెలుసుకునేందుకు ఒక పద్ధతి ఉంది. లైనర్ (లోపలి మెత్తని తొడుగు) తీసేసి, బూటును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కఫ్‌ను దిగే స్థితిలో లాక్ చేయండి. ఒక చేతి బొటనవేలిని సగం కఫ్ మీద, సగం షెల్ మీద పడేటట్లు కీలు పక్కనే ఆనించి, రెండో చేత్తో కఫ్‌ను ముందుకూ వెనక్కూ, తర్వాత పక్కలకూ కదిపి చూడండి. బొటనవేలి కింద రెండు అంచులూ ఒకదాన్నొకటి దాటి కదులుతున్నట్లు తెలిస్తే కీలు వదులైంది. అక్కడ నిశ్చలంగా ఉండి, మడమ వెనక టక్కుటక్కుమని శబ్దం వస్తుంటే కఫ్‌ను నడకకూ దిగుడుకూ మార్చే నడక లీవరు, అది తగులుకునే కొక్కెం అరిగాయి. రెండుచోట్లా ఏమీ లేక బూటు మొత్తం వంగుతున్నట్లుంటే అది ప్లాస్టిక్ సహజమైన వంపు, దాన్ని వదిలేయండి. ఎడమ కుడి బూట్లను పక్కపక్కన పెట్టి ఇదే పరీక్ష చేస్తే తేడా ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది. వసంతకాలంలో మంచు అంచు దాకా మట్టిదారిలో బూట్లతోనే నడిచేవారి కీళ్లు ముందుగా పోతాయి, ఎందుకంటే ఆ సందులో దూరిన ఇసుక ఆకురాయిలా పనిచేస్తుంది. అక్కడ నూనె వేయకండి, నూనె ఇసుకను పట్టి ఉంచుతుంది. నీళ్లతో కడిగి, ఆరాక, తడి అంటని పొడి లూబ్రికెంట్ కొద్దిగా పెడితే సరిపోతుంది.

ఇప్పుడు బిగింపుల విషయానికి వస్తాను. బోవా వ్యవస్థను గ్యారీ హామర్‌స్లాగ్ రూపొందించగా, 2001లో అది మొదట స్నోబోర్డు బూట్లలో వచ్చింది. ఆ తర్వాతే సైకిలు బూట్లకూ స్కీ బూట్లకూ పాకింది. అందులో మూడు భాగాలున్నాయి. మొదటిది తీగను చుట్టుకునే డయల్, రెండోది అనేక సన్నని ఉక్కు పోగులను పేని చేసిన తీగ, మూడోది తీగ మలుపు తిరిగే గైడ్లు. తీగ నడిమధ్యలో తెగడం నేను చూడనే లేదు. అది తెగేది మలుపు దగ్గర, అంటే గైడు అంచునో, డయల్‌లోకి దూరే నోటి దగ్గరో. అదీ ఒక్కసారిగా తెగదు. పోగు వెంట పోగు తెగుతూ వారాల ముందే కబురు పంపుతుంది. కాస్త దూది తీసుకుని తీగ పొడవునా నెమ్మదిగా లాగండి. తెగిన పోగు ముల్లులా లేచి ఉంటుంది గనుక దూది అక్కడ పట్టుకుని పీచు వదులుతుంది. వేలితో తడిమితే కూడా తెలుస్తుంది, కాకపోతే వేలికి గుచ్చుకుని తెలుస్తుంది. తీగను పూర్తిగా వదులు చేసి, గైడు లోపల దాగిన భాగాన్ని బయటికి లాగి మరీ చూడాలి, అరుగుదల దాక్కునేది అక్కడే. దూది ఒక్కచోట పట్టినా ఆ తీగను అదే వారంలో మార్చేయండి. తీగలకూ డయళ్లకూ అవి అమర్చిన వస్తువు బతికున్నంత కాలం బోవా సంస్థ హామీ ఇస్తుంది గనుక, చాలా సందర్భాల్లో విడి భాగం కోసం అడిగితే చాలు.

డయల్ విషయంలో కొత్తవారు పొరబడేది ఒకటుంది. గట్టి దెబ్బ తగిలినప్పుడు చాలా రకాల డయళ్లు తమ పీఠం నుంచి ఊడి వచ్చేస్తాయి. అది విరగడం కాదు, విరగకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు. చాలావాటిని మంచు తుడిచి మళ్లీ పీఠంలో నొక్కి కూర్చోబెట్టవచ్చు. మీ డయల్‌ను ఎలా ఊడదీయాలో, ఎలా కూర్చోబెట్టాలో ఇంట్లో వెచ్చగా కూర్చుని రెండుసార్లు సాధన చేయండి, కొండ మీద గాలిలో చేతి తొడుగులు తీసి నేర్చుకోవలసిన విద్య కాదది. డయల్‌కు నిజమైన శత్రువు గడ్డకట్టిన నీరు. మధ్యాహ్నం తడిమంచులో నడిచి, సాయంత్రం నీడలోకి రాగానే లోపలి నీరు గడ్డకట్టి డయల్ తిరగదు, లేదా పైకి లాగినా వదలదు. అప్పుడు పటకారుతో బలవంతంగా తిప్పితే లోపలి పళ్లు అరుగుతాయి. అరచేతిని మూసి కాసేపు దాని మీద ఉంచండి, లేదా నోటి ఆవిరి పట్టండి. ఫ్లాస్కులో మిగిలిన వేడి నీళ్లు పోస్తే అప్పటికి కరుగుతుంది గాని, పావుగంటకు ఇంకా గట్టిగా గడ్డకడుతుంది.

తీగ తెగితే ఏమవుతుందంటే, బూటు కింది భాగం వదులవుతుంది, పాదం కొంచెం కదులుతుంది, మలుపుల్లో కచ్చితత్వం తగ్గుతుంది. అంతే. దిగేటప్పుడు బలమంతా వెళ్లేది కాలిపిక్క నుంచి కఫ్‌కూ, కఫ్ నుంచి షెల్‌కూ. పాదం మీది బిగింపు అందులో మోసేది చిన్న వాటా. రెండు మిల్లీమీటర్ల సన్నని తాడును అవే గైడ్ల గుండా పోనిచ్చి ముడేస్తే ఆ రోజుకే కాదు, ఆ వారానికి కూడా సరిపోతుంది. అందుకే తీగ గురించి నాకు దిగులు లేదు. ఒక న్యాయమైన ఫిర్యాదు మాత్రం ఉంది. బోవా ఒకే తీగ గనుక తెగితే మొత్తం పోతుంది, నాలుగు బకిళ్లలో ఒకటి విరిగితే మూడు మిగులుతాయి.

కఫ్ దగ్గర కథ వేరు. చాలా తేలిక బూట్లలో పై బకిల్ లేదా వెనక లీవరు ఒకేసారి రెండు పనులు చేస్తుంది. డైనాఫిట్ సంస్థ 2010 ప్రాంతంలో తెచ్చిన టీఎల్‌టీ5 బూటులో పై బకిల్ వేయడమే కఫ్‌ను దిగే స్థితిలో లాక్ చేయడం కూడా. ఆ ఆలోచన ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత వచ్చిన ఎన్నో తేలిక బూట్లు ఒక్క కదలికతో నడక నుంచి దిగుడుకు మారే దారిలోనే నడిచాయి. బరువు తగ్గింది, చేతులు గడ్డకట్టే చోట సమయం మిగిలింది. కానీ పనులు రెండైతే, అవి చెడే చోటు ఒక్కటైంది.

నాకు జరిగింది చెప్తాను, బూటు పేరు అనవసరం. మూడో సీజన్ చివర్లో ఒక కనుమ పైకి చేరి, స్కిన్స్ మడిచి సంచిలో పెట్టి, ఎడమ బూటు లీవరు వేయబోతే అది చేతిలోకి ఊడి వచ్చింది. దాన్ని పట్టుకునే స్క్రూ ఎక్కేదారిలో ఎక్కడో రాలిపోయింది. అది ఉండవలసిన రంధ్రంలో మంచు గట్టిగా పేరుకుని ఉంది, అంటే స్క్రూ పోయి గంటలయిందన్నమాట. స్కీలను కట్టే రబ్బరు పట్టీని కఫ్ చుట్టూ రెండు చుట్లు బిగించాను. కాలు కఫ్‌లో నిలిచింది గాని లాక్ లేదు గనుక ముందుకు ఆనితే ఆధారం ఉంది, వెనక్కి ఆనితే లేదు. 900 మీటర్ల దిగుడంతా కుడికాలి మీద బరువు మోసుకుంటూ పక్కకు జారుతూ వచ్చాను. ఇల్లు చేరాక రెండో బూటు స్క్రూ చూస్తే అది కూడా అరచుట్టు వదులుగా ఉంది. ఊగే భాగాన్ని పట్టే ఏ స్క్రూ అయినా ఊగుతూ ఊగుతూ తనంతట తాను విప్పుకుంటుంది. ఆనాటి నుంచి సీజన్ మొదట్లోనే ప్రతి స్క్రూనూ విప్పి, మరలు తుడిచి, మధ్యరకం బలమున్న నీలిరంగు లాక్‌టైట్ (స్క్రూ విప్పుకోకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగిస్తాను. ఎరుపు రంగుది వాడకండి, దాన్ని తర్వాత విప్పాలంటే వేడి చేయాలి, వేడి చేస్తే ప్లాస్టిక్ పోతుంది. నీలిరంగుది కూడా ప్లాస్టిక్‌కు అంటకుండా చూసుకోండి, కొన్ని ప్లాస్టిక్‌లను అది పగిలేలా చేస్తుంది.

దీన్నిబట్టే నేను బలమైన బూటు కన్నా విప్పగలిగే బూటు మేలంటాను. బకిల్ స్క్రూతో ఉంటే వంటింటి బల్ల మీద పావుగంటలో మార్చవచ్చు. రివెట్‌తో ఉంటే డ్రిల్లుతో తొలిచి, లోపలి నుంచి టీ ఆకారపు నట్టు పెట్టి స్క్రూ బిగించాలి. చేయలేనిది కాదు, కానీ చేయి కాస్త జారితే పలుచని షెల్‌లో రంధ్రం పెద్దదవుతుంది. బకిల్ లోహం విరగడం కన్నా దాని తీగ చట్రం వంగడం, పొడవు సరిచేసే మర తిరిగి తిరిగి ఊడిపోవడం ఎక్కువ. రెండూ ఎక్కేటప్పుడు బకిల్‌ను పూర్తిగా తెరిచి వేలాడదీయడం వల్ల వచ్చేవే. వేలాడే చట్రం రాయికి తగులుతుంది, రెండో కాలి క్రాంపన్‌కు (మంచులో జారకుండా బూటుకు కట్టే ముళ్ల చట్రానికి) చిక్కుతుంది. పిడిని వెనక్కి మడిచి మూసి ఉంచడం అలవాటు చేసుకోండి.

కొన్ని బూట్లలో కఫ్‌ను బిగించేది డైనీమా అనే గట్టి కృత్రిమ నారతో పేనిన తాడు. అది ఉక్కు తీగ కన్నా మన్నదని కొందరంటారు. నా అనుభవంలో అది అంచు పదును లేనిచోట అద్భుతంగా మన్నుతుంది, పదునున్నచోట నూలుపోగుల్లా విడిపోతుంది. కనుక తప్పు తాడుది కాదు, రంధ్రం అంచుది. సన్నని గరుకు కాగితంతో ఆ అంచును గుండ్రంగా రుద్దండి. డైనీమా జారుడు స్వభావం గలది గనుక మామూలు ముడి నిలవదు. రెండు కొసలనూ కలిపి మూడు చుట్ల జాలరి ముడి (ట్రిపుల్ ఫిషర్‌మన్) వేసి, కొసలు పొడవుగా వదలండి. వెల్క్రో పట్టీ గురించి ఒక్క మాట చాలు. దాన్ని దువ్వెనతో శుభ్రం చేస్తే ఇంకో సీజన్ వస్తుంది, ఆపైన ఏ చెప్పులు కుట్టే మనిషైనా కొత్తది కుట్టగలడు.

లైనర్ షెల్ కన్నా ముందే పోతుంది, దాన్ని ఖర్చు కింద రాసుకోండి. పలుచని నురుగు అణగిపోయి, బూటు ఒక సైజు పెరిగినట్లవుతుంది. అప్పుడు మనం చేసే పొరపాటు బకిల్‌నూ డయల్‌నూ ఇంకాస్త బిగించడం. అరుగుదల అక్కడినుంచి బిగింపులకు పాకుతుంది, అరిగిన లైనర్ తెగిన తీగకు తల్లి. ప్రతి రాత్రీ లైనర్‌ను బయటికి తీసి, మామూలు గది గాలికి ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెడితే దాని ఆకారం పోతుంది, సోలు జిగురు కూడా వదులుతుంది. బూట్లను దాచేటప్పుడు ఖాళీగా తెరిచి వదలకుండా, బకిల్‌నూ డయల్‌నూ లేతగా బిగించి ఉంచితే షెల్ ఆకారం నిలుస్తుంది.

బిగింపులతో సంబంధం లేకపోయినా ఒకటి చెప్పకుండా ముగించలేను. బూటు ముక్కు వద్ద ఇరుపక్కలా, మడమ వెనకా ఉన్న ఉక్కు గుంటలు బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) పిన్నులను పట్టుకునేవి. 1980 దశకంలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ రూపొందించిన ఈ పద్ధతిలో మన ప్రాణం కొన్ని మిల్లీమీటర్ల ఉక్కు మీద ఆనుతుంది. స్కీ తొడిగే ముందు ప్రతిసారీ ఆ గుంటల్లో మంచును పొడిచి తీయండి, లేకపోతే పిన్ను సగమే దిగి, దిగుడు మధ్యలో స్కీ ఊడుతుంది. గుంట అంచులు కోలగా అరిగినా, ఉక్కు చుట్టూ ప్లాస్టిక్‌లో వెంట్రుకంత పగులు కనిపించినా ఆ బూటును పక్కన పెట్టేయండి. బూటులో మరమ్మతు ప్రయత్నించకూడదని నేను పట్టుబట్టే చోటు ఇదొక్కటే. ముక్కు దగ్గర సోలు బాగా అరిగినా బూటు బైండింగ్‌లో కూర్చునే తీరు మారవచ్చు, రోడ్డు మీద ఈ బూట్లతో నడవవద్దనేది అందుకే.

నాలుగు బకిళ్ల బూటు కొనవలసిందా అన్నదానికి నా జవాబు, మీరు రాసిన వాడకానికైతే అవసరం లేదు. దానికి కూడా ఇదే కీలు, ఇవే ఉక్కు గుంటలు, ఇదే లైనరు. ఎక్కువగా దొరికేది మందమైన ప్లాస్టిక్, ఒకటి విరిగితే ఇంకొకటుందన్న నిశ్చింత. వెడల్పైన బరువు స్కీల మీద వేగంగా దిగేవారికి, దూకేవారికి ఆ మందం అవసరం. మీలా ఎక్కడమే ముఖ్యమైనవారు అరకిలో ఎక్కువ బరువును ఏడాదికి లక్షన్నర సార్లు ఎత్తడం కన్నా, అరచేతిలో పట్టేంత సంచిని మోయడం మేలు. నా సంచిలో ఉండేవి స్కీ పట్టీలు రెండు, రెండు మిల్లీమీటర్ల తాడు రెండు మీటర్లు, మెత్తని ఇనుప తీగ కొంత, నా బూటు స్క్రూలకు సరిపోయే మొనలున్న చిన్న స్క్రూడ్రైవరు, అదనపు స్క్రూలు మూడు. నడక మధ్యలో విరామం తీసుకున్నప్పుడల్లా లీవరు స్క్రూ మీద ఒకసారి వేలు పెట్టి చూస్తాను.

మీ డయల్ పాదం పైన నడిమధ్యలో ఉందో, బయటి పక్కన ఉందో మీరు రాయలేదు. పక్కన ఉంటే దాని చుట్టూ రక్షణగా లేచిన ప్లాస్టిక్ గట్టు ఉందో లేదో చూడండి. గట్టు లేకపోతే రాళ్ల మధ్య నడిచే దారుల్లో ఊడి పడేది అదే గనుక, ఆ సంచిలోకి ఇంకొక డయల్ కూడా చేర్చండి.